ఒక నొక్కు, నాలుగు చీటీలు

ఫిషింగ్ హార్బర్ వేలం షెడ్డులో
కాటా పక్కన కంప్యూటరు పెట్టింది నేనే.
దాని మీద పాలిథిన్ కవరు, కవరు మీద చేప పొలుసులు.
తెర మీద ఒక కిటికీ, కిటికీలో ఒక బటన్,
బటన్ మీద ‘చీటీ’ అని రాసి ఉంటుంది.

మొదట రాసినప్పుడు నాకు ఓపిక లేదు.
నొక్కారా, నొక్కారా, నొక్కారా అని
క్షణానికి వెయ్యిసార్లు బటన్‌ని అడిగించాను.
లోపలి ఫ్యాను రొప్పింది.
కాటా గుమస్తా ఎల్లాజీ పెట్టె మీద చెయ్యి వేసి
‘ఏటమ్మా, దీనికి జొరమొచ్చినాది’ అన్నాడు.

ఆ పొద్దునే చూశాను నూకరత్నాన్ని.
జెట్టీకి వీపు పెట్టి కూర్చుని ఐసు కొడుతోంది.
డాల్ఫిన్స్ నోస్ కింద నుంచి వరసగా బోట్లు,
నా చెవికి అన్నిటిదీ ఒకటే డీజిలు దగ్గు.
ఆమె తలెత్తదు.
వచ్చిందా అని ఎవరినీ అడగదు.
పదిహేనోదో పదహారోదో మలుపు తిరుగుతుండగా
సుత్తి కింద పెట్టి, కుచ్చెళ్ళు దోపుకుని
గంప తీసుకుని లేచింది.
బోటు నాకింకా కనబడనే లేదు.

ఇలాగా రాయాల్సింది!
బటన్‌కి ఒక చెవి తగిలిస్తే చాలు.
‘వెళ్ళి నీ పని చూసుకో,
నొక్కు పడితే నేనే పిలుస్తా’ అని
యంత్రానికి మాటిస్తే చాలు.
విన్న చెవి అక్కడే చతికిలబడి
నెల లెక్కలన్నీ విప్పకూడదు, అదొక్కటే జాగ్రత్త.
కొళాయి దగ్గర కబుర్లకు దిగినవాళ్ళ వెనక
బిందెలన్నీ ఆగిపోయినట్టు
తెర మొత్తం బిగుసుకుపోతుంది.

ఫ్యాను ఊరుకుంది.
నేను కురుపాం మార్కెట్టుకి వెళ్ళి గాజులు కొనుక్కున్నాను.

మూడో రోజు ఫోను.
‘ఒక్కపాలే నొక్కినానమ్మా, నాలుగు చీటీలొచ్చినాయి.’
వెనక నుంచి నూకరత్నం గొంతు:
‘ఒక గంప వంజరానికి నాలుగు చీటీలేటి?
సముద్రం ఇయ్యని సేపలు నీ పెట్టి పెడతందా?’

ఎల్లాజీ టీకి లేచినప్పుడల్లా
దీపం ఆర్పినట్టు కిటికీ మూసేస్తాడు.
వచ్చి తెరుస్తాడు.
తెరిచిన ప్రతిసారీ నా కోడు
అదే బటన్‌కి ఇంకో చెవి కుడుతోంది.
మూడు టీలు, నాలుగు చెవులు.
నొక్కు పడగానే నాలుగూ ఉలిక్కిపడి లేచి
ఎవరి చీటీ వాళ్ళు రాస్తున్నాయి.
తప్పు వాటిది కాదు. అన్నీ శ్రద్ధగా విన్నాయి.

తగిలించడం రాశాను. తీసెయ్యడం రాయలేదు.
ఒక్క వరస.
అది రాసి, ఎల్లాజీతో పాటు మూడుసార్లు టీ తాగి,
మూసి, తెరిచి, నొక్కాం.
ఒక్క చీటీ, తడి వేళ్ళకి అంటుకుంటూ.

మేడ మీద వైర్‌లెస్ గదిలో పరశన్న కూడా అడిగాడు,
తనకీ ఒక తెర కావాలని.
బోటు పలికితే దాని పేరు పచ్చగా వెలగాలి.
పాత నోటుపుస్తకం ఇచ్చాడు, అరవై రెండు పేర్లు.
ముప్పై ఎనిమిదో పేరు మీద ఎర్ర పెన్సిలు గీత.
‘ఇది కొట్టేసి ఉంది, వదిలెయ్యనా?’
సెట్టు మీద బొత్తాం సన్నగా తిప్పుతూ అన్నాడు:
‘కొట్టింది ఆపీసోళ్ళు.’
అంతే. మళ్ళీ మాట్లాడలేదు.
సాయంత్రం హాజరు పిలిచేటప్పుడు విన్నాను,
ఆ పేరు దగ్గర కూడా అందరికిచ్చినంత సేపే ఆగాడు,
ఎక్కువా కాదు, తక్కువా కాదు.
సెట్టులో ఇసక జల్లించినట్టు చప్పుడు.

రాత్రి ఎనిమిదికి కిటికీ మూస్తే
చెవులన్నీ ఊడిపోయేలా రాశాను.
తగిలించినవి అరవై రెండు.
తీసినవి అరవై ఒకటి.
పొద్దున్నే దాన్ని మళ్ళీ కుట్టకుండా
విడిగా ఒక షరతు కూడా పెట్టాను,
నాలుగు చీటీల బుద్ధి వచ్చింది కదా.

నా తర్వాత ఈ కోడు తెరిచినవాళ్ళు
లీకు అంటారు. లీకే.
పైన తెలుగులో ఒక కామెంటు పెట్టాను:
‘ఇది మరిచిపోయింది కాదు.’
కంపైలరు ఏమీ అనలేదు.
ఆ వరస దానికి వినబడదు.